అక్టోబరు 9 – రైలు వచ్చిన రోజున పేపరు కెక్కని వార్తలు

(ప్రపంచ తపాలా దినం సందర్భంగా ధర్మపురిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో, రైల్వే మెయిల్ సర్వీసులో పనిచేసి రిటైరైన ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



నేను వక్తను కాను. ముప్పయి ఎనిమిదేళ్ళు రైలు బోగీలో నిలబడి ఉత్తరాలు వేరు చేసిన మనిషిని. 1971లో చేరి 2009లో రిటైరయ్యాను. బండి చప్పుడులో మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దదైంది గాని, మాటలో పెద్దతనమేమీ లేదు. కార్యదర్శి గారు పది రోజుల క్రితం మా ఇంటికి వచ్చి, "తపాలా దినం నాడు ఏదైనా చెప్పండి, కాని డి.ఏ. గురించి మాత్రం వద్దు, అది ప్రతి నెలా చెప్పుకుంటూనే ఉన్నాం" అన్నారు. సరే అన్నాను.

ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా మా మనుమడు ఒక ప్రశ్న వేశాడు. "తాతా, మన రాజ్యంలోకి మొదటి రైలు వచ్చిన రోజున ఇంకేం జరిగింది?" వాడి పాఠంలో సాలార్‌జంగు గురించి ఉన్నదట. నాకు జవాబు తెలియలేదు. తెలుసుకోవాలని కూర్చుంటే ఒక విచిత్రం బయటపడింది. ఈనాటి నా మాటలకు అదే ఆధారం.

రైలు వచ్చిన రోజు

నిజాం రాజ్యంలో మొదటి రైలు మార్గం వాడి నుంచి సికింద్రాబాదుకు. నూటపది మైళ్ళకు పైబడిన దారి. ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగు. నిజాము మహబూబ్ అలీఖాను అప్పటికి ఎనిమిదేళ్ళ బాలుడు. 1870లో ఒప్పందం జరిగింది. బొంబాయి నుంచి మద్రాసుకు పోయే పెద్ద లైనుకు వాడి దగ్గర మన లైను కలిసింది. 1874 అక్టోబరు 9న ఆ దారి తెరిచారు.

అంతకు ముందు మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుంచి థాణాకు నడిచిందని మనమందరం చదువుకున్నాం. పద్నాలుగు పెట్టెలు, నాలుగు వందల మంది అతిథులు, మూడు ఇంజన్లు, ఇరవై ఒక్క తోపుల వందనం. ఆ మూడు ఇంజన్ల పేర్లు కూడా చరిత్రలో నిలిచాయి: సాహిబ్, సింధ్, సుల్తాన్. ఆ పట్టాలు పరచిన వారి పేర్లు మాత్రం ఒక్కటీ నిలవలేదు. ఇంజనుకు పేరున్నది, కూలికి పేరు లేదు.

ఇది మన దేశపు సంగతే కాదు. 1869 మే 10న అమెరికాలో ఆ దేశపు తూర్పు పడమరలను కలుపుతూ రైలు మార్గం పూర్తయింది. బంగారు మేకు కొట్టారు. తంతి మీద "పూర్తయింది" అనే ఒక్క మాట దేశమంతా పోయింది. దానికి పన్నెండు రోజుల ముందు, ఏప్రిల్ 28న, ఒక్క రోజులో పది మైళ్ళ పట్టాలు పరచి రికార్డు పెట్టారు. ఆ రోజు పట్టాలు ఎత్తి వేసిన ఎనిమిది మంది ఐరిషు వారి పేర్లు రాసి పెట్టారు. వారితో కలిసి పనిచేసిన చైనా కూలీలు వేలల్లో ఉన్నారు. ఆ రికార్డులో వారి పేర్లు లేవు.

నేను ఈ సంగతులు ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తోపులు మోగిన చోటికి విలేకరి పరుగెత్తుతాడు, అది సహజం. తోపులు మోగని చోట ఏం జరిగిందో వెతుక్కోవలసింది మనం.

బెర్న్ నగరపు వార్త

ఇక విచిత్రం చెబుతాను. సికింద్రాబాదుకు రైలు వచ్చిన 1874 అక్టోబరు 9వ తేదీనే, సముద్రాల కవతల స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ఇరవై రెండు దేశాల ప్రతినిధులు ఒక కాగితం మీద సంతకాలు చేశారు. అదే తపాలా సంఘపు ఒప్పందం. ఈ రోజున మనం తపాలా దినం జరుపుకుంటున్నది ఆ సంతకాల వల్లనే.

రెండూ ఒకే తేదీన జరిగాయని, ముప్పయి ఎనిమిదేళ్ళు ఆ ఉద్యోగం చేసిన నాకు తెలియదు. ఏటేటా ఆఫీసులో తపాలా దినం జరిపాము. ఏటేటా అదే సికింద్రాబాదు ప్లాటుఫారం మీద సంచులు దింపాము. ఒకటికి ఒకటి సంబంధమున్నదని ఎవరికీ తోచలేదు.

ఆ ఒప్పందానికి ముందు పరాయి దేశానికి ఉత్తరం వేయడమంటే పెద్ద తంటా. ఏ రెండు దేశాలకు ఆ రెండింటికి వేరు ఒడంబడిక. ఉత్తరం ఏ దారిన పోతే ఆ దారి రేటు. మధ్యలో ఎన్ని దేశాలు దాటితే అన్ని లెక్కలు. జర్మనీ తపాలా అధికారి హైన్రిఖ్ ఫాన్ స్టెఫాన్ ఈ చిక్కు విప్పాలని పట్టుబట్టాడు. సెప్టెంబరు 15న సభ మొదలైంది. మూడు వారాలు దాటిన తర్వాత ఒప్పందం కుదిరింది.

అందులోని సూత్రం చాలా సులువైనది. సభ్య దేశాలన్నీ కలిసి టపా విషయంలో ఒకే రాజ్యం. పదిహేను గ్రాముల ఉత్తరానికి ఎంత దూరమైనా దాదాపు ఒకే రేటు. స్టాంపు డబ్బులు ఏ దేశం వసూలు చేస్తే ఆ దేశమే ఉంచుకుంటుంది, ఉత్తరానికి ఉత్తరానికి లెక్కలు కట్టుకోనక్కర లేదు. ఒక ఉత్తరం పోతే దానికి బదులు ఉత్తరం వస్తుంది కనుక లెక్క చివరికి సమానమవుతుందని వారి ఆలోచన. మనుషుల మీద ఎంత నమ్మకమో చూడండి. ఉత్తరం రాసిన వాడికి జవాబు రాకుండా పోదనే లెక్క మీద ప్రపంచ తపాలా అంతా నిలబడింది.

1875 జూలై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. 1876లో భారతదేశం చేరింది. 1969లో టోక్యోలో జరిగిన తపాలా మహాసభలో అక్టోబరు 9ని ప్రపంచ తపాలా దినంగా జరపాలని ప్రతిపాదించింది కూడా మన దేశపు ప్రతినిధి ఆనంద్ మోహన్ నరూలా గారే. మనకు గర్వకారణమైన ఈ సంగతి ఎంతమంది తపాలా ఉద్యోగులకు తెలుసో నాకు సందేహమే.

ధర్మపురికి, బెర్న్‌కు ఏం సంబంధమని కొందరు నవ్వుకోవచ్చు. ఈ సభలో కూర్చున్న తల్లులను అడగండి. 1970ల నుంచి మన జగిత్యాల, మెట్‌పల్లి, ధర్మపురి పల్లెల నుంచి ఎంతమంది దుబాయికి, మస్కటుకు, కువైటుకు పోయారు! ఫోన్లు లేని ఆ రోజులలో ఇంటికీ కొడుకుకూ మధ్య ఉన్నది ఉత్తరం ఒక్కటే. మస్కటులో అంటించిన స్టాంపుకు ధర్మపురి పోస్టుమాను ఎండలో నడిచి వచ్చి ఉత్తరం ఇచ్చాడంటే, అది బెర్న్‌లో పడిన సంతకాల ఫలమే.

గోదావరి కింది గట్టు వార్త

మూడో వార్త మన గోదావరి కింది గట్టున, రాజమహేంద్రవరం వైపు నుంచి. అదే 1874 అక్టోబరు నెలలో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పత్రిక ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. ధవళేశ్వరంలో బడి నడుపుతున్నారు. అదే సంవత్సరం అక్కడ ఆడపిల్లలకు పాఠశాల పెట్టారు. మొదట్లో పత్రిక మద్రాసులో అచ్చయ్యేది, తర్వాత సొంత అచ్చుకూటం వచ్చింది.

ఇక్కడ ఇంకొక చిన్న వింత. ఆయన పుట్టింది 1848 ఏప్రిల్ 16న. థాణాకు మొదటి రైలు నడిచిన రోజున ఆయనకు సరిగ్గా అయిదేళ్ళు నిండాయి.

వివేకవర్ధనిలో ఆయన లంచగొండి అధికారులను ఏకారు. సామాన్యులకు అర్థమయ్యే తెలుగులో రాశారు. రాజమహేంద్రవరానికి 1890ల దాకా రైలు లేదు. ఆ పత్రిక చందాదారుకు చేరాలంటే కాలువ పడవ, టపా రన్నరు, ఇవే దిక్కు. అంటే ఆ అక్టోబరులో ఒక వైపు రైలు, ఒక వైపు తపాలా ఒప్పందం, ఒక వైపు తెలుగు పత్రిక. మూడూ ఒకే నెలలో పుట్టిన తోబుట్టువులు. మూడింటి పనీ ఒకటే, ఇక్కడి మాట అక్కడికి చేర్చడం.

మన తెలంగాణకు మాత్రం ఆ భాగ్యం ఆలస్యంగా కలిగింది. 1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చారు. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక వచ్చింది. రైలు వచ్చిన యాభై ఏళ్ళకు గాని హైదరాబాదు నగరం నుంచి మన మాటకు అంత గట్టి పత్రిక దొరకలేదు.

మన వైపు రాని రైలు

నాలుగో వార్త మన ప్రాంతానిదే. సికింద్రాబాదు లైను వచ్చిన తర్వాత దానిని వరంగల్లు మీదుగా చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించాలని ఒక పథకం పుట్టింది. దానినే చాందా రైల్వే పథకం అన్నారు. లండను కంపెనీకి అప్పగించి, పెట్టుబడి మీద నూటికి అయిదు చొప్పున వడ్డీకి నిజాం ఖజానా హామీ ఉండాలన్నారు. లాభం వస్తే కంపెనీకి, రాకపోతే మన ఖజానా నుంచి.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు చనిపోయారు. అప్పుడు హైదరాబాదులో కొందరు చదువుకున్నవారు లేచి, ఒప్పందపు కాగితాలు ప్రజల ముందు పెట్టండి, రాజ్యం మీద ఎంత బరువు పడుతుందో మాకు తెలియాలి అని అడిగారు. వారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు ముఖ్యులు. అఘోరనాథ గారు సరోజినీ నాయుడి తండ్రి, హైదరాబాదులో చదువుల వ్యాప్తికి పాటుపడినవారు. కాగితం చూపించమని అడిగిన నేరానికి ఆయనను 1883లో రాజ్యం నుంచి బయటికి పంపారు. హైదరాబాదు సంస్థానంలో ప్రజలు ప్రభుత్వాన్ని లెక్క అడిగిన తొలి ఉద్యమాలలో ఇది ఒకటి. అదీ రైలు గురించి.

పెన్షనర్లమైన మనకు ఈ వార్త దగ్గరిది. ఆర్డరు కాపీ చూపించండి అని కౌంటరు ముందు నిలబడని వాడు మనలో ఎవరున్నారు?

వారు అన్నట్టే ఒప్పందం జరిగిపోయింది. 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు రైలు వచ్చింది. పథకానికి పేరిచ్చిన చాందా లైను మాత్రం నిలిచిపోయింది. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా లైను పూర్తయ్యే సరికి 1929 వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా మన తాతలు రైలును కథలలో విన్నారు. ఇక పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాదు లైనుకు 1993లో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు గారు శంకుస్థాపన చేశారు. ఆ లైను చివరి దాకా పూర్తయింది 2017లో. ధర్మపురికి ఇప్పటికీ రైలు లేదు. పుష్కరాలకు జనం మంచిర్యాలలో దిగి గోదావరి దాటి వస్తుంటే నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నరసింహస్వామి దగ్గరికి రావాలంటే చివరి కొంత దూరం కష్టపడాలని మా నాయన అనేవాడు.

ఎక్కడా అచ్చు కాని వార్త

ఇంతవరకు చెప్పినవి పుస్తకాలలో దొరికేవి. ఇప్పుడు చెప్పబోయేది ఎక్కడా దొరకదు. చెప్పాలా వద్దా అని పది రోజులు ఆలోచించాను. చెప్పడానికి సంబంధించిన వారి అనుమతి తీసుకున్నాను.

మన ఊరి పేరుతోనే తమిళనాడులో ఇంకొక ధర్మపురి ఉన్నదని మీకు తెలుసు. అది జిల్లా కేంద్రం, పెద్ద ఊరు. రెండు ధర్మపురులు తపాలా వారికి పాత తలనొప్పి. ఇటువంటి తికమకలు పోవాలనే 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు రూపొందించిన పిన్‌కోడు వచ్చింది. మన ధర్మపురి 505425. తమిళనాడు ధర్మపురి 636701. మొదటి అంకె అయిదైతే మన వైపు, ఆరైతే అటు వైపు. చిన్న పిల్లవాడు కూడా వేరు చేయగలడు.

1983 చలికాలం. నాకప్పుడు ముప్పయి నాలుగేళ్ళు. రాత్రి బండి. రిజిస్టరు ఉత్తరాల పని ఆ రోజు నాది. రిజిస్టరు ఉత్తరం అంటే ఒక్కొక్కటి జాబితాలో రాయాలి, వెనుక ముద్ర కొట్టాలి, సంచిలో వేయాలి. తెల్లవారితే సంచులు కట్టి లక్క వేయాలి. గంటన్నర పని మిగిలి ఉంది, నిద్ర ముంచుకొస్తున్నది. మస్కటు నుంచి వచ్చిన ఒక కవరు చేతికొచ్చింది. ధర్మపురి అని పెద్ద అక్షరాలలో ఉన్నది. పిన్‌కోడు మీద ముద్ర పడి సగమే కనిపిస్తున్నది. కింద మూలకు చిన్న అక్షరాలలో కరీంనగర్ జిల్లా అని ఉన్నది. ఆ మూల నేను చూడలేదు. దక్షిణపు సంచిలో వేశాను.

ధర్మపురిలో పుట్టి పెరిగిన వాణ్ణి, ధర్మపురికి వచ్చిన ఉత్తరాన్ని పరాయి ధర్మపురికి పంపాను.

ఆ ఉత్తరం మా వాడకట్టులోని వారిదే. ఇద్దరు ముసలివారు, ఒక్కగానొక్క కొడుకు. వాడు మస్కటు పోయి మూడేళ్ళు. కంపెనీ వాళ్ళు ఇంకో చోటికి మారుస్తున్నారని, దారిలో బొంబాయిలో రెండు రోజులు ఆగుతానని, ఇంటికి రావడానికి సెలవు లేదని, బాపును బొంబాయికి పంపమని రాశాడు. ఫలానా తేదీలలో మన ఊరి వాళ్ళ గదిలో ఉంటానని రాశాడు. రైలు ఖర్చుకు లోపల డ్రాఫ్టు పెట్టాడు.

ఉత్తరం తమిళనాడు తిరిగి మన ధర్మపురికి వచ్చేసరికి ఆ తేదీలు పోయి పదకొండు రోజులు.

సంక్రాంతికి నేను సెలవు మీద ఊరికి వచ్చాను. ఆయన కవరు పట్టుకొని మా అరుగు మీదికి వచ్చాడు. "తమ్మీ, నువ్వు టపా పని జేస్తవు గద, గిది ఎందుకు లేటయిందో జెర చూడు" అన్నాడు. వెనుక తిప్పి చూశాను. ముద్రలన్నీ వరుసగా ఉన్నాయి. వాటిలో ఒకటి మా బోగీది. తేదీ నా డ్యూటీ తేదీ. నా గుండె ఆగినంత పనైంది.

"ఎక్కడో పొరపాటు జరిగిందన్నా" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆయన కవరు తీసుకొని, "పోనియ్ తమ్మీ, పోరడు బాగున్నడు గద, అది చాలు" అని వెళ్ళిపోయాడు. ఆ ఎండాకాలంలో ఆయన కాలం చేశాడు. కొడుకు ఆ తర్వాత ఏడాదిన్నరకు గాని రాలేదు. తండ్రీ కొడుకులు మళ్ళీ చూసుకోలేదు.

నా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మెమో రాలేదు. ఇంక్రిమెంటు ఆగలేదు. రిటైరయ్యే రోజున దండ వేసి, ఒక్క మచ్చ లేని సర్వీసు అని పొగిడారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఆ కవరు కళ్ళ ముందు కనిపించింది. నలభై ఏళ్ళకు పైగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. ఇప్పుడామె ముందు వరసలో కూర్చొని మొదటిసారి వింటున్నది.

పోయిన వారం ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాను. అబ్బాయి అంటున్నాను గాని ఆయనకూ అరవై దాటాయి. గల్ఫు నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది. తల్లి కూడా లేదు. కూర్చొని సంగతంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. లోపలికి పోయి ఒక రేకు పెట్టె తెచ్చాడు. తల్లి దాచిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. ఆ కవరు కూడా ఉన్నది.

"కాకా, నేను బొంబాయిల రెండు దినాలు స్టేషన్ల నిలవడ్డ. వచ్చిన ప్రతి బండి కాడికి ఉరికిన. బాపు రాలే. డ్రాఫ్టు పంపినా రాలేదని కోపమొచ్చింది. ఉత్తరం లేటుగ ముట్టిందని అవ్వ రాయించింది, నేను నమ్మలే. సాకులనుకున్న. ఏడాదంత ఇంటికి ఉత్తరమే రాయలే. ఆ ఏడాదే బాపు పోయిండు" అన్నాడు.

ఈ సంగతి నాకు తెలియదు. ఆలస్యమైన ఉత్తరం ఒక కలయికను పోగొట్టిందని మాత్రమే నేను అనుకున్నాను. దాని వెనుక ఏడాది పాటు రాయని ఉత్తరాలు కూడా ఉన్నాయి. బెర్న్‌లో వారు కట్టిన లెక్క, ఉత్తరానికి జవాబు తప్పక వస్తుందనే లెక్క, నా చేతిలో తప్పింది.

ఆయన కవరు నాకిచ్చి, "వెనుక ముద్రలు చదువు కాకా, నాకు ఆ తేదీలు తెల్వాలె" అన్నాడు. ఒక్కొక్కటి చదివాను. మస్కటు తేదీ, బొంబాయి తేదీ, మా బోగీ తేదీ, తమిళనాడు తేదీ, మన పోస్టాఫీసు తేదీ. చివరి తేదీ విన్నాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అంటే అవ్వ చెప్పింది నిజమే. బాపు రావొద్దనుకోలే" అన్నాడు.

నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నేను అడగనూ లేదు. లేచి వస్తుంటే, "సభల చెప్పు కాకా. మా పేరు మాత్రం వద్దు" అన్నాడు.

మనం చేయవలసింది

మిత్రులారా, మన పనులు ఒకటొకటి చరిత్రలోకి పోతున్నాయి. 2013 జూలైలో తంతి ఆగిపోయింది. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. రేపటి పిల్లలకు రిజిస్టరు కవరు వెనుక ముద్రలు ఎలా చదవాలో చెప్పేవారుండరు. అందుకని మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఇంట్లో పాత కవర్లు, మనియార్డరు రసీదులు, సర్వీసు కాగితాలు చిత్తు కాగితాల వాడికి వేయకండి. ఎవరి మీదనో ఉన్న అపోహ తీర్చే రుజువు వాటిలో ఉండవచ్చు. ఆ తల్లి రేకు పెట్టె దాచి ఉంచకపోతే ఆ కొడుకు తన తల్లి మాటను చచ్చేదాకా నమ్మేవాడు కాదు.

రెండు. నవంబరు వస్తున్నది. లైఫ్ సర్టిఫికెట్ కోసం నడవలేనివారు ఆటోలలో పడి రానక్కర లేదు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఉన్నది. తపాలా బ్యాంకు ద్వారా పోస్టుమాను ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకునే ఏర్పాటు కూడా ఉన్నది, కొద్దిపాటి రుసుము ఉంటుంది. పోస్టాఫీసులో అడగండి. పక్కింటి ముసలమ్మ ఫ్యామిలీ పెన్షనరైతే ఆమె తరఫున మీరే అడగండి. ఆ పిల్లవాడు ఎండలో వస్తే కాసిని మంచినీళ్ళివ్వండి, ఎన్ని ఇళ్ళు తిరగాలో వాడికే తెలుసు.

మూడు. మనలో ప్రతివారి సర్వీసులో పేపరుకెక్కని వార్త ఒకటి ఉంటుంది. కరెంటు డిపార్టుమెంటు వారికి ఉంటుంది, బడిపంతుళ్ళకు ఉంటుంది, రెవెన్యూ వారికి, ఆసుపత్రి వారికి ఉంటుంది. మంచి పని చేసి ఎవరికీ చెప్పనిది కావచ్చు. నాలాగా తప్పు చేసి చెప్పనిది కావచ్చు. సన్మానపత్రంలో అది ఉండదు. చెప్పవలసిన వారు బతికి ఉండగానే వెళ్ళి చెప్పండి. నేను నలభై ఏళ్ళు ఆలస్యం చేశాను. ఆ తల్లిదండ్రులకు చెప్పే అవకాశం పోగొట్టుకున్నాను. కొడుకుకైనా చెప్పగలిగాను.

మనుమడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: రైలు వచ్చిన రోజున, ఉత్తరం ఎక్కడి నుంచి ఎక్కడికైనా చేరాలని దూరదేశంలో కొందరు మాట ఇచ్చారు నాయనా. ఆ మాట నిలబెట్టే పని మీ తాతకు దొరికింది. చాలాసార్లు నిలబెట్టాడు. ఒకసారి తప్పాడు.